కబాడీలో దొరికిన స్పీకర్ మన కంప్యూటర్‌కు కుదురుతుందా?

సద్దుల బతుకమ్మకు ఇంకా నాలుగు రోజులు ఉంది. హన్మకొండలోని మా ఇంట్లో కంప్యూటర్‌కు పెట్టిన రెండు స్పీకర్ డబ్బాల్లో ఎడమది గరగరమనడం మొదలుపెట్టింది. పాట మెల్లగా సాగినంతసేపు బాగానే ఉంటుంది. డప్పు దెబ్బ పడగానే కాగితం చింపుతున్నట్టు చప్పుడు. రిపేరు దుకాణంలో చూపిస్తే, "సెట్టే మార్చుకోండి సార్, లోపలి స్పీకర్ విడిగా రాదు" అన్నారు. ఆయన చెప్పింది అబద్ధం కాదు. ఆ సెట్టు చేసినవాళ్లు అందులోని స్పీకర్‌ను విడిగా అమ్మరు. కానీ బోర్డు బాగుంది, అడాప్టర్ బాగుంది, కుడి డబ్బా బాగుంది. అరచేతిలో పట్టే ఒక్క ముక్క కోసం మిగతాదంతా పారేయడానికి మనసొప్పలేదు. వరంగల్ వైపు వెళ్లినప్పుడు ఒక కబాడీ (పాత సామాన్ల) దుకాణంలో అడిగితే, పాత టీవీల్లోంచి తీసిన స్పీకర్లు గంపెడు చూపించాడు.

"అన్నా, ఇవి మోగుతయా?"

"మోగేటివే ఉన్నయ్ తమ్మీ. చెక్ చేసుకొని తీస్కపో."

ఏం చెక్ చేయాలన్నదే అసలు ప్రశ్న. చాలామంది రెండే చూస్తారు: రంధ్రంలో పడుతుందా, ఎన్ని వాట్లు. నేనూ మొదట్లో అలాగే చేసి ఒక బోర్డును పాడుచేసుకున్నాను. ఇప్పుడు నా వరస వేరు. ముందు ఓమ్‌లు (కరెంటుకు స్పీకర్ చూపే అడ్డు), తర్వాత సైజు, ఆ తర్వాత డబ్బా, ఆఖరున వాట్లు. ఎందుకో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

అంతకంటే ముందు ఒక పని. పోయింది స్పీకరేనని ఖాయం చేసుకోవాలి. డబ్బాల పిన్నును కంప్యూటర్ నుంచి తీసి ఫోన్‌కు పెట్టి చూడండి. అప్పుడు బాగా మోగితే లోపం కంప్యూటర్‌లో ఉంది. ఒక వైపు అసలు మోగకపోతే మొదటి అనుమానం వైరు మీద పెట్టుకోవాలి. 3.5 మిల్లీమీటర్ల పిన్ను కొసలో ఎడమ, మధ్య రింగులో కుడి, మొదట్లో రెండింటికీ ఉమ్మడి గ్రౌండ్ ఉంటాయి. వైరు పిన్నులోకి దూరే చోట రోజూ వంగి వంగి వీటిలో ఒక తీగ తెగిపోతుంది. అక్కడ వేలితో కదిలిస్తే చప్పుడు వచ్చి పోతుంటే స్పీకర్ జోలికి వెళ్లనక్కర్లేదు. వాల్యూమ్ తిప్పేటప్పుడు మాత్రమే గరగరమంటే అది వాల్యూమ్ కంట్రోల్‌లో చేరిన దుమ్ము.

ఇవేవీ కాకపోతే ఎడమ, కుడి మార్చి చూడాలి. ఇలాంటి సెట్లలో సాధారణంగా ఒక డబ్బాలోనే ఆంప్లిఫయర్ (సౌండ్ పెంచే) బోర్డు ఉంటుంది. రెండో దాంట్లో స్పీకర్, వైరు తప్ప ఏమీ ఉండవు. కరెంటు తీసేసి, డబ్బా విప్పి, బోర్డు దగ్గర రెండు స్పీకర్ల వైర్లను అటు ఇటు మార్చండి. గరగర ఆ స్పీకర్‌తో పాటే ఉంటే స్పీకర్ పోయినట్టు. రెండో స్పీకర్‌లోకి మారితే బోర్డులో లోపం. మా ఇంట్లో గరగర ఎడమ స్పీకర్‌ను వదల్లేదు.

లోపల ఏం జరుగుతుంది

స్పీకర్ వెనక మాగ్నెట్ ఉంటుంది. దాని మధ్య వెంట్రుక పట్టేంత సన్నటి గుండ్రటి సందు. ఆ సందులో ఎక్కడా తగలకుండా రాగి తీగ చుట్టిన కాయిల్ తేలుతుంటుంది. కాయిల్ ముందు వైపు పేపర్ కోన్‌కు అతికి ఉంటుంది. కాయిల్‌లో కరెంటు ఒక దిక్కు పోతే కోన్ ముందుకు, ఇంకో దిక్కు పోతే వెనక్కి కదులుతుంది. ఈ పద్ధతిని అమెరికాలో రైస్, కెలాగ్ అనే ఇంజినీర్లు 1925లో ప్రకటించారు. వందేళ్లయినా మూలం మారలేదు. అందుకే పాత డబ్బా టీవీలోని స్పీకర్, మొన్న కొన్న కంప్యూటర్ బోర్డుతో కూడా పనిచేయగలుగుతుంది. వాటి మధ్య భాష ఒక్కటే: రెండు తీగలు, వాటిలో అటూ ఇటూ ఊగే కరెంటు.

పాడవడం కూడా ఇక్కడే. ఎక్కువ సౌండ్ పెట్టి మోగిస్తే కాయిల్ వేడెక్కి తీగ తెగుతుంది, అప్పుడు స్పీకర్ పూర్తిగా మూగబోతుంది. లేదా కాయిల్ చుట్టిన గొట్టం వంకరపోయి సందు గోడకు గీసుకుంటుంది. మా దానికి జరిగింది అదే. కోన్‌ను రెండు పక్కలా వేళ్లు ఆనించి సమానంగా, మెల్లగా లోపలికి నొక్కితే గీత గీసినట్టు చప్పుడు తెలిసింది. ఫంక్షన్ సౌండ్ సిస్టమ్‌ల పెద్ద స్పీకర్లకైతే కాయిల్, కోన్ కొత్తవి వేసే మెకానిక్‌లు ఉన్నారు. మూడు అంగుళాల స్పీకర్‌కు ఆ ఖర్చు దండగ. ఒకవేళ కోన్ కొంచెం చిరిగి ఉండటం తప్ప వేరే లోపం లేకపోతే, పల్చటి టిష్యూ కాగితానికి తెల్ల గమ్ రాసి వెనక నుంచి అతికిస్తే చాలు.

ఓమ్‌లు ఎందుకు ముందు

మన దిక్కు చెరువులు తెలిసినవాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. చెరువులో నీటి మట్టం ఎంత ఉందో అది వోల్టేజ్. తూము ఎంత తెరిచామో దాన్ని బట్టి కాలువలోకి వచ్చే నీళ్లు, అంటే కరెంటు. మట్టం ఎంతో ఆంప్లిఫయర్ చెబుతుంది. తూము ఎంత తెరవాలో స్పీకర్ చెబుతుంది. ఓమ్‌లు తక్కువంటే తూము ఎక్కువ తెరుచుకున్నట్టు. పాకాల లాంటి చెరువు దగ్గర తూము ఉన్నట్టుండి రెండింతలు తెరిస్తే కింద కాలువ గట్టు ఏమవుతుందో ఆలోచించండి. ఇక్కడ ఆ గట్టు బోర్డు మీద ఉండే ఐసీ, అంటే సౌండ్ పెంచే చిన్న చిప్పు.

లెక్క వేసి చూద్దాం. బోర్డు ఒక స్పీకర్‌కు 4 వోల్టులు ఇస్తోందనుకుందాం. 8 ఓమ్‌ల స్పీకర్ పెడితే అర ఆంపియర్ లాగుతుంది, 2 వాట్లు. అదే చోట 4 ఓమ్‌లది పెడితే ఒక ఆంపియర్ లాగుతుంది, 4 వాట్లు. సౌండ్ పెరిగిందని మనం సంతోషిస్తాం. అక్కడ ఐసీ మీద రెండింతల కరెంటు పోతోంది, అది కాలుతోంది. మంచి ఐసీలకు వేడి మితిమీరితే తమంతట తామే ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది. ఇలాంటి సెట్లలో చాలాకాలం కనిపించిన టీడీఏ2030కు అది ఉంది. పాట మధ్యలో ఆగి, కాసేపటికి మళ్లీ వస్తుంటే కారణం అదే కావచ్చు. అందరు తయారీదారులూ అంత మంచి ఐసీ వాడరు. నేను పోగొట్టుకున్న బోర్డు 8 ఓమ్‌లకు చేసింది. దానికి 4 ఓమ్‌ల కారు స్పీకర్ తగిలించాను. ఒక సాయంత్రం మోగింది, రాత్రికి కాలిన వాసన వచ్చింది.

కాబట్టి ఉన్నదానితో సమానమైన ఓమ్‌లది దొరికితే ఇంకేం ఆలోచించనక్కర్లేదు. దొరకకపోతే ఎక్కువ ఓమ్‌లది తీసుకోవచ్చు, తక్కువది వద్దు. 4 బదులు 8 పెడితే పవర్ సగమవుతుంది. సగం అంటే సౌండ్ సగం పడిపోతుందని భయపడొద్దు. చెవికి ఆ తేడా 3 డెసిబెళ్లు, కొంచెం తగ్గినట్టు మాత్రమే తెలుస్తుంది. సౌండ్ సగమే వస్తోందని మనకు అనిపించాలంటే సుమారు 10 డెసిబెళ్లు తగ్గాలి.

8 ఉండాల్సిన చోటుకు 4 మాత్రమే దొరికిందంటే రెండు దారులున్నాయి. రెండు 4 ఓమ్‌ల స్పీకర్లను ఒకదాని వెనక ఒకటి వరసగా కలిపితే 8 అవుతాయి, కానీ డబ్బాలో చోటుండాలి. లేదా 3.9 ఓమ్‌ల, 5 వాట్ల రెసిస్టర్ ఒకటి వరసగా వేయాలి. అప్పుడు పవర్‌లో సగం ఆ రెసిస్టర్ వేడికే పోతుంది. రెండోది నాకు నచ్చదు. గంపలో ఇంకో స్పీకర్ వెతకడమే మేలు.

ఓమ్‌లు సాధారణంగా మాగ్నెట్ వెనక రాసి ఉంటాయి. చెరిగిపోతే మల్టీమీటర్ పెట్టాలి. ఇక్కడ కొత్తవాళ్లు తడబడే సంగతి ఒకటుంది. 8 ఓమ్‌ల స్పీకర్‌కు మీటర్‌లో 8 రాదు, 6 నుంచి 7.5 మధ్య వస్తుంది. 4 ఓమ్‌లదానికి 3.2 నుంచి 3.8 మధ్య వస్తుంది. స్పీకర్ పాడైందని అర్థం కాదు. మీటర్ కొలిచేది నిలకడైన డీసీకి కాయిల్ తీగ చూపే అడ్డు మాత్రమే. స్పీకర్ మీద రాసేది పాటలాగా ఊగే కరెంటుకు అది చూపే అడ్డు, అది కొంచెం ఎక్కువ. కొలిచే ముందు మీటర్ రెండు వైర్ల కొసలనూ తాకించి ఎంత చూపిస్తుందో చూసి దాన్ని తీసేయండి. చవక మీటర్లలో అదే అర ఓమ్ దాకా ఉంటుంది.

వాట్ల మాయ

స్పీకర్ మీద రాసిన వాట్లు అది ఎంత తట్టుకోగలదో చెబుతాయి, ఎంత గట్టిగా మోగుతుందో చెప్పవు. 3 వాట్లు ఇచ్చే బోర్డుకు 50 వాట్ల స్పీకర్ పెట్టినా వచ్చేది ఆ 3 వాట్లే. బోర్డు ఇచ్చేదానికంటే స్పీకర్ తట్టుకునేది ఎక్కువ ఉంటే చాలు, అక్కడితో వాట్ల సంగతి అయిపోయింది.

పాత డబ్బాల మీద పెద్ద అక్షరాలతో వందల వాట్ల పీఎంపీవో (క్షణంపాటు వచ్చే గరిష్ఠ పవర్ అని చెప్పే ప్రచార అంకె) అని వేసేవారు. ఆ అంకెను అసలు పట్టించుకోవద్దు. నిజం తెలియాలంటే అడాప్టర్ మీద చూడండి. 12 వోల్టులు, 1 ఆంపియర్ అని ఉంటే మొత్తం లోపలికి వచ్చేదే 12 వాట్లు. వచ్చినదానికంటే ఎక్కువ స్పీకర్లకు ఎక్కడి నుంచి ఇస్తుంది? యూఎస్‌బీతో నడిచే సెట్టయితే ఇంకా తక్కువ. మామూలు యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 5 వోల్టులు, అర ఆంపియర్, అంటే రెండున్నర వాట్లు. అందులోనే రెండు స్పీకర్లు మోగాలి.

నిజంగా గట్టిగా మోగడానికి కావాల్సిన గుణం వేరే ఉంది, దాన్ని సెన్సిటివిటీ అంటారు. ఒక వాట్ ఇచ్చి, మీటరు దూరంలో ఎన్ని డెసిబెళ్లు వస్తాయో కొలుస్తారు. రెండు స్పీకర్ల మధ్య ఇందులో 3 డెసిబెళ్ల తేడా ఉందంటే, తక్కువదానికి రెండింతల పవర్ ఇస్తే గానీ ఎక్కువదానితో సమానం కాదు. పాత టీవీ, రేడియో స్పీకర్లలో పల్చటి, తేలికైన పేపర్ కోన్లు ఉంటాయి. కొంచెం పవర్‌కే ఖంగుమంటాయి, మాట స్పష్టంగా వినిపిస్తుంది. బరువైన కోన్, మందపాటి రబ్బరు అంచు ఉన్న కారు స్పీకర్ చూడటానికి ఘనంగా ఉంటుంది కానీ చిన్న బోర్డు దాన్ని కదపలేదు.

గంపలో ఏది ఏరుకోవాలి

టీవీ స్పీకర్లు నాకు ఇష్టం. ఎక్కువగా 8 ఓమ్‌లవి, అప్పుడప్పుడు 16 ఓమ్‌లవి దొరుకుతాయి. కోడిగుడ్డు ఆకారంలోవే ఎక్కువ, గుండ్రటివి వెతకాలి. కానీ ఒక మాట గట్టిగా చెప్పాలి. డబ్బా టీవీని మీరు విప్పకండి. కలర్ టీవీ పిక్చర్ ట్యూబ్ మీద 20 వేల వోల్టులకు పైగా ఉంటుంది. ప్లగ్ తీసేశాక కూడా ఆ చార్జి అందులో నిలిచి ఉండొచ్చు. పవర్ సప్లయ్ కండెన్సర్‌లో 300 వోల్టులకు పైన వేరే ఉంటుంది. పైగా ఆ ట్యూబు గాజులో సీసం ఉంటుంది, పగలకూడదు. ఆ పని తెలిసిన మెకానిక్ విప్పి ఇచ్చిన స్పీకర్‌నే తీసుకోండి.

కారు డోర్ స్పీకర్లు మామూలుగా 4 ఓమ్‌లు. హోమ్ థియేటర్ డబ్బాల్లో 3, 6 ఓమ్‌లవి కూడా ఉంటాయి, వెనక చదవకుండా తీసుకోవద్దు. ల్యాప్‌టాప్ స్పీకర్‌ను దాని నల్ల ప్లాస్టిక్ గూడుతో సహా తీయాలి, గూడు తీసేస్తే పనికిరాదు. ఆఫీసుల, బడుల సీలింగ్ స్పీకర్లకు పక్కన చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే అవి 100 వోల్టుల లైను కోసం చేసినవి. ఆ ట్రాన్స్‌ఫార్మర్‌ను విడదీసి, స్పీకర్‌ను నేరుగా మీటర్‌తో చూసుకోవాలి. అలా చేయకుండా కలిపితే గుసగుసలాడినంత సౌండే వస్తుంది.

దుకాణంలో చెక్ చేయడానికి గోడ గడియారంలో వేసే 1.5 వోల్టుల సెల్లు చాలు. రెండు చిన్న వైర్లతో స్పీకర్ టెర్మినళ్లకు ఒక్క క్షణం తాకించండి. టక్‌మని చప్పుడొస్తే కాయిల్ బతికే ఉంది. తాకించి పట్టుకోవద్దు, కాయిల్ వేడెక్కుతుంది. కోన్‌ను నొక్కి గీసుకోవడం లేదని చూడండి. అంచు ఫోమ్‌దైతే గోటితో తాకితే పొడి రాలుతుందేమో చూడండి. ఫోమ్ ఏళ్లు గడిచేకొద్దీ తేమకు చివికిపోతుంది, బట్ట అంచు, రబ్బరు అంచు ఎక్కువ కాలం ఉంటాయి.

ఇంకో జాగ్రత్త కబాడీ దుకాణానికే ప్రత్యేకం. అక్కడ నేలంతా ఇనుప పొడి ఉంటుంది, స్పీకర్ మాగ్నెట్ దాన్ని లాగేసుకుంటుంది. ఒక్క రవ్వ కాయిల్ సందులోకి పోయినా మంచి స్పీకర్ గరగరమంటుంది. మాగ్నెట్ మీద పొడిని గుడ్డతో తుడిస్తే లోపలికే జరుగుతుంది. జిగురు టేపు అంటించి లాగాలి. ఇంటికి తెచ్చేటప్పుడు కాగితంలో చుట్టుకు రండి.

డబ్బా కూడా సగం స్పీకరే

ఇది నేను ఆలస్యంగా తెలుసుకున్నాను, అందుకే కొంచెం నిలబడి చెబుతాను. తెచ్చిన స్పీకర్‌ను చేతిలో పట్టుకుని మోగించండి. సన్నగా, ప్రాణం లేనట్టు ఉంటుంది. ఇప్పుడొక అట్టపెట్టెకు స్పీకర్ కంటే కొంచెం చిన్న రంధ్రం కోసి, దానికి ఆనించి పట్టుకోండి. ఒక్కసారిగా డప్పు వినిపిస్తుంది. స్పీకర్ మారలేదు, బోర్డు మారలేదు. మరి ఏం మారింది?

కోన్ ముందుకు కదిలినప్పుడు ముందున్న గాలి నొక్కుకుంటుంది, అదే క్షణంలో వెనక గాలి పల్చబడుతుంది. బాస్ లాంటి లోతైన శబ్దాల్లో కదలిక నిదానం కాబట్టి ముందు నొక్కుకున్న గాలి అంచు చుట్టూ తిరిగి వెనక్కి జారిపోతుంది. రెండూ కలిసి ఒకదాన్నొకటి చంపుకుంటాయి, మన చెవి దాకా ఏమీ రాదు. మధ్యలో అట్ట అడ్డం పెడితే ఆ దారి మూసుకుపోతుంది. డబ్బా చేసే మొదటి పని ఇదే.

అందుకే స్పీకర్ చుట్టూ సందు ఉండకూడదు. నేను తెచ్చిన గుండ్రటి మూడు అంగుళాల స్పీకర్‌కు స్క్రూ రంధ్రాలు పాతవాటితో కలవలేదు. పల్చటి ప్లైవుడ్‌తో ఒక చట్రం కోసి, మధ్యలో ఫోమ్ పట్టీ అంటించి బిగించాను. రంధ్రం వెడల్పు కుదిరినంత మాత్రాన కుదిరినట్టు కాదు, మాగ్నెట్ లోతు కూడా కొలవాలి. టీవీ స్పీకర్ల మాగ్నెట్‌కు వెనక ఇనుప డిప్ప ఉంటుంది, తెర రంగులు చెడకుండా పెట్టినది. దానివల్ల లోతు పెరుగుతుంది.

డబ్బాకు వెనక గుండ్రటి గొట్టం ఉంటే అది పాత స్పీకర్ లెక్కకు పెట్టినది. కొత్తదానితో బాస్ ఉబ్బినట్టు, ఒకే స్వరం మోగినట్టు వస్తే ఆ గొట్టంలో ఫోమ్ ముక్క గట్టిగా కూరి చూడండి. బాస్ తగ్గుతుంది కానీ పాట శుభ్రపడుతుంది.

బిగించడంలో రెండు మూడు విషయాలే ఉన్నాయి. ప్లస్, మైనస్ తప్పకూడదు. తప్పినా స్పీకర్ మోగుతుంది, అందుకే చాలామంది గమనించరు. ఒకటి ముందుకు కదిలినప్పుడు రెండోది వెనక్కి కదులుతుంది, బాస్ మాయమవుతుంది, పాడే గొంతు మధ్యలో కాకుండా ఎక్కడో చెదిరినట్టు ఉంటుంది. టెర్మినల్ గుర్తులు చెరిగితే మళ్లీ ఆ సెల్లు పట్టండి. తాకించగానే కోన్ బయటికి వస్తే, సెల్లు ప్లస్ తాకిన టెర్మినలే స్పీకర్ ప్లస్. టాంకా (సోల్డర్) వేసేటప్పుడు టెర్మినల్‌ను రెండు మూడు సెకన్లకు మించి కాల్చొద్దు, అక్కడి నుంచి కాయిల్‌కు పోయే సన్నటి అల్లిక తీగ ఊడిపోతుంది. స్క్రూడ్రైవర్‌ను మాగ్నెట్ లాగేస్తుంది. ఒకసారి నా చేతిలోంచి అలా జారి కోన్‌లో గుచ్చుకుంది. అప్పటి నుంచి కోన్ మీద అట్ట ముక్క పెట్టాకే స్క్రూ ముట్టుకుంటాను.

ఇప్పటి చిన్న బోర్డుల్లో స్పీకర్‌కు వెళ్లే రెండు తీగలూ సిగ్నల్ తీగలే, ఏదీ గ్రౌండ్ కాదు. చిన్న యూఎస్‌బీ సెట్లలో తరచూ ఉండే పీఏఎం8403 అనే ఐసీ అలాంటిదే. పాత రేడియోల్లో చేసినట్టు ఎడమ, కుడి స్పీకర్ల మైనస్ తీగలు రెండూ ఒకచోట కలిపేస్తే ఐసీ దెబ్బతింటుంది. బోర్డు నుంచి వచ్చిన నాలుగు తీగలను నాలుగుగానే ఉంచాలి.

మా ఎడమ డబ్బా సద్దుల బతుకమ్మ ముందు రోజు సాయంత్రం మోగింది. పాతది 4 ఓమ్‌లు, తెచ్చింది 8. పవర్ సగమైనా టీవీ స్పీకర్ సెన్సిటివిటీ ఎక్కువ కావడంతో రెండు వైపులా సౌండ్ దాదాపు సమానంగానే వచ్చింది. తేడా స్వరంలో తెలిసింది. కుడి వైపు గొంతు గుండ్రంగా, ఎడమ వైపు కొంచెం పదునుగా ఉంది. ఒకే పాటను ఇద్దరు పాడుతున్నట్టు అనిపించి, పండుగ అయ్యాక మళ్లీ అదే దుకాణానికి వెళ్లాను. టీవీలో స్పీకర్లు తరచూ జతగా ఉంటాయి కదా, గంప అడుగున దాని జోడీ దొరికింది. ఇప్పుడు రెండు డబ్బాల్లోనూ అవే ఉన్నాయి. కుడి డబ్బాలోంచి తీసిన మంచి స్పీకర్ మాగ్నెట్ మీద తెల్ల టేపు అంటించి, "4 ఓమ్‌లు, మీటర్‌లో 3.6, బాగుంది" అని రాసి అల్మారాలో పెట్టాను.